హింస రిస్క్ అంచనా వేసే హెచ్‌సీఆర్-20లో 40కి 24 వచ్చింది, విడుదల తేల్చే బోర్డు వాళ్లు శాతం అడుగుతున్నారు. ఏం రాయాలి?

కొత్త_కేస్‌షీటు
మానసిక ఆసుపత్రి నుంచి ఒక రోగి విడుదలకు ముందు రిస్క్ రిపోర్ట్ రాయాలి. గుర్తుపట్టేలా ఉన్నవన్నీ మార్చేసి చెబుతున్నా. మగ, 34 ఏళ్లు, స్కిజోఫ్రెనియా. నాలుగేళ్ల కిందట తమ్ముణ్ణి కత్తితో పొడిచాడు, తమ్ముడు బతికాడు. అప్పటికి మందులు మానేసి మూడు వారాలు, రోజూ తాగుడు. తాగే నీళ్లలో తమ్ముడు విషం కలుపుతున్నాడని గట్టి నమ్మకం. వార్డుకొచ్చాక నాలుగేళ్లలో ఒక్క గొడవ లేదు. ఇప్పుడు తల్లి దగ్గరికి పంపాలనుకుంటున్నారు. తమ్ముడు వేరే ఇంట్లో ఉంటాడు, వస్తూ పోతూ ఉంటాడు.
ఇద్దరం విడివిడిగా హెచ్‌సీఆర్-20 వేశాం. నాకు 24, మధ్యస్థం అన్నాను. తోటి డాక్టరమ్మకి 27, ఎక్కువ అన్నారు. బోర్డు వాళ్లేమో "ఎక్కువ, తక్కువ వద్దు, శాతంలో చెప్పండి" అంటున్నారు. 24ని 40తో భాగిస్తే 60 శాతం. అలా రాసేయొచ్చా?

తూకంరాయి
వద్దు, వద్దు, వద్దు.
ముందు ఈ 40 ఎక్కడిది? 20 అంశాల్లో ఒక్కోదానికి 0, 1, 2 వేసే పద్ధతి రెండో వర్షన్‌ది, 1997 నాటిది. 2013లో వచ్చిన మూడో వర్షన్‌లో అంకెలే లేవు. ఉంది, కొంత ఉంది, లేదు, అంతే. సమాచారం దొరక్కపోతే ఖాళీ వదిలి, ఎందుకు వదిలారో రాయాలి. పాత వర్షన్‌లో కూడా మొత్తం కూడి దాన్నిబట్టి నిర్ణయం తీసుకోమని ఎవరూ చెప్పలేదు. ఆ కూడిక పరిశోధన చేసేవాళ్ల సౌకర్యానికి.
24 బై 40 అంటే 60 శాతం హింస అనడం, జ్వరం 102 ఉంది కాబట్టి చచ్చిపోయే అవకాశం 102 శాతం అన్నట్టుంది.

ఊరికే_చదువుతా
102 శాతం 😂 మా దగ్గర ఇలాంటి రిపోర్టులు నిజంగానే తిరుగుతున్నాయి, నవ్వకండి.

లెక్కలపిచ్చి
తూకంరాయి గారు చెప్పింది సగం ఒప్పుకుంటా. హెచ్‌సీఆర్ మార్కుల్ని శాతం చేయడం తప్పే. కానీ బోర్డు శాతం అడగడంలో తప్పేముంది? అంకె కావాలంటే అంకె ఇచ్చే సాధనం వాడాలి. వీఆర్ఏజీ ఉంది కదా, మళ్లీ హింసకు దిగే రిస్క్‌ని అంకెల్లో లెక్కగట్టే సాధనం. 12 అంశాలు, ఒక్కోదానికి లెక్కగట్టిన బరువు, మొత్తం 9 మెట్లు. ఏ మెట్టులో పడితే ఆ మెట్టులోవాళ్లు 7 ఏళ్లలో, 10 ఏళ్లలో ఎంతమంది మళ్లీ హింసకు దిగారో పట్టికలో ఉంటుంది. 1954లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మీల్ చెప్పిన దగ్గర్నుంచి ఒకటే మాట: లెక్క ప్రకారం పోతే డాక్టరు మనసుకు తోచిందానికంటే సాధారణంగా మెరుగ్గానో, కనీసం సమానంగానో వస్తుంది. చేదుగా ఉన్నా మింగాలి.

తూకంరాయి
పట్టిక బాగానే ఉంది, ఎవరి పట్టిక అది? కెనడాలో ఒంటారియో రాష్ట్రం, పెనెటాంగ్విషీన్ ఆసుపత్రికి సంబంధించిన 618 మంది మగవాళ్లు. వాళ్లలో 7 ఏళ్లలో 31 శాతం మంది మళ్లీ హింసకు దిగారు. అక్కడి 31 మీ దగ్గర 10 అయితే పట్టిక మొత్తం జరిగిపోతుంది.
ఇంకోటి. వీఆర్ఏజీలో స్కిజోఫ్రెనియా ఉంటే మార్కులు *తగ్గుతాయి*. బాధితుడికి తగిలిన దెబ్బ ఎంత తీవ్రమైతే అంత తగ్గుతాయి, చనిపోతే ఇంకా. ఇది బోర్డు ముందు ఎలా చెబుతారో చూడాలనుంది.

బోనులో_సాక్షి
చెప్పొచ్చు. ఆ 618 మందిలో స్కిజోఫ్రెనియా లేనివాళ్లంటే ఎక్కువగా వ్యక్తిత్వ రుగ్మత ఉన్న పాత నేరస్థులు. వాళ్లతో పోలిస్తే జబ్బువల్ల ఒకేసారి ఇంట్లోవాళ్ల మీద దాడి చేసినవాడు మళ్లీ చేయడం తక్కువ. అంతేగానీ స్కిజోఫ్రెనియా మనిషిని కాపాడుతుందని కాదు. బయట మామూలు జనంతో పోలిస్తే కథ తిరగబడుతుంది. ఎవరితో పోలుస్తున్నామన్నది చెప్పకుండా ఏ మార్కూ చెప్పకూడదు.
కాకపోతే ఇది వివరించేలోపు ఎదుటి వకీలు రెండుసార్లు వాచీ చూసుకుంటాడు.

లెక్కలపిచ్చి
సరే, సాధనం ఏదైనా ఈ లెక్క ఒకసారి చేతితో వేసి చూడండి. కాగితం తీసుకోండి.
1000 మంది. వీళ్లలో నిజంగా హింసకు దిగేవాళ్లు 100 మంది అనుకుందాం. సాధనం ఆ వందలో 70 మందిని పట్టుకుంటుంది, మిగతా 900లో 70 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. ఇది మన సాధనాలకు కొంచెం అటూ ఇటూగా ఉండే స్థాయే.
"ఎక్కువ" అని ముద్ర పడేవాళ్లు: 70 + 270 = 340. అందులో నిజమైనవాళ్లు 70. అంటే అయిదుగురిలో ఒకరు. మిగతా నలుగురిని ఊరికే ఆపుతున్నాం.
"తక్కువ" అని పంపేవాళ్లు 660. అందులో 30 మంది చేస్తారు. 22 మందిలో ఒకరు.
ఇప్పుడు అదే సాధనం, అదే పనితనం, కానీ 1000లో 300 మంది చేసే చోట పెట్టండి. పట్టుకున్నవి 210, తప్పు ముద్రలు కూడా 210. సగానికి సగం నిజం. సాధనం మారలేదు, జనం మారారు.
2012లో సీనా ఫజెల్ అనే పరిశోధకుడి బృందం 73 నమూనాలు, 24 వేలకు పైగా మందిని కలిపి చూసినా ఇదే తేలింది. హింస విషయంలో "రిస్క్ ఉంది" అన్నవాళ్లలో 41 శాతమే నిజమైంది, "లేదు" అన్నవాళ్లలో 91 శాతం నిజమైంది. మన సాధనాలు ఎవరిని పంపొచ్చో బాగా చెబుతాయి, ఎవరిని ఆపాలో అంత బాగా చెప్పలేవు.

ఊరికే_చదువుతా
మరి పరిశోధన పేపర్లలో సాధనం పనితనానికి కొలతగా ఏయూసీ 0.72, 0.75 అని గొప్పగా రాస్తారు కదా. అది 75 శాతం కరెక్ట్ అని కాదా?

లెక్కలపిచ్చి
కాదు. హింసకు దిగినవాణ్ణి ఒకణ్ణి, దిగనివాణ్ణి ఒకణ్ణి గుడ్డిగా తీస్తే, దిగినవాడి మార్కు పెద్దదిగా ఉండే అవకాశం అది. 0.5 అంటే బొమ్మా బొరుసు. వరస పేర్చడం ఎంత బాగా వచ్చో చెబుతుంది, అంతే. మీ ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి చేస్తాడా లేదా అన్నదానికి అది జవాబు కాదు.

పాతసిరా
ఎక్కువగా భయపడటం మనకు కొత్త కాదు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు బాక్‌స్ట్రామ్ కేసులో తీర్పిచ్చాక, న్యూయార్క్ రాష్ట్రంలో డానెమోరా, మట్టెవాన్ అనే రెండు గట్టి కాపలా ఆసుపత్రుల నుంచి 960 మందికి పైగా "ప్రమాదకర" రోగుల్ని మామూలు మానసిక ఆసుపత్రులకు మార్చాల్సొచ్చింది. అందరూ గుండెలు బాదుకున్నారు. స్టెడ్‌మన్, కొకోజా అనే పరిశోధకులు వెంటబడి చూస్తే మళ్లీ హింసకు దిగినవాళ్లు చాలా కొద్దిమంది. 1981లో జాన్ మొనహాన్ అనే పరిశోధకుడు హింసను ముందే ఊహించడం గురించి పుస్తకం రాసేనాటికి అంచనా ఏంటంటే, నిపుణులు "ఇతను చేస్తాడు" అన్న ముగ్గురిలో ఒకరికి మించి నిజం కాలేదని.

గడపదాటాక
పాతసిరా గారూ, ఆ కథ అందరం చెబుతాం గానీ ఒక ముక్క వదిలేస్తాం. ఆ రోగులు సగటున నడివయసు దాటబోతున్నవాళ్లు, ఏళ్ల తరబడి లోపలే ఉన్నవాళ్లు. ఆ వయసుకి హింస ఎలాగూ తగ్గుతుంది. 34 ఏళ్లవాడికి ఆ ఓదార్పు పనికిరాదు.

ఇంక అసలు కేసుకి వస్తా, లెక్కల్లో పడి అందరూ మర్చిపోయారు. "వార్డులో నాలుగేళ్లు గొడవ లేదు" అన్నది నాకు పెద్దగా ఏమీ చెప్పదు. వార్డులో సారా లేదు. కత్తి లేదు. తమ్ముడు లేడు. మందు నర్సు చేతిలోంచి నోట్లోకి. ఆ నాలుగూ తీసేసి ఇంటికి పంపుతున్నారు. హెచ్‌సీఆర్‌లో చివరి అయిదు, అంటే రాబోయే రోజుల అంశాలు (సేవల ఏర్పాటు, ఉండే చోటు, అండగా ఉండే మనుషులు, చికిత్సకు సహకారం, ఒత్తిడి తట్టుకోవడం), వీటిని లోపల ఉంటే ఒకలా, బయటికెళ్తే ఒకలా రెండుసార్లు వేయాలి. కొత్త_కేస్‌షీటు గారూ, మీరు ఏది దృష్టిలో పెట్టుకుని వేశారు?

కొత్త_కేస్‌షీటు
...లోపల ఉంటే. డాక్టరమ్మ బయటికెళ్తే అనుకుని వేశారట, ఇప్పుడే అడిగాను. మూడు మార్కుల తేడా దాదాపు మొత్తం అక్కడే ఉంది.

తూకంరాయి
చూశారా. మీరిద్దరూ ఒక మనిషి మీద విభేదించలేదు, రెండు వేరువేరు ఇళ్ల మీద అభిప్రాయం చెప్పారు.

బోనులో_సాక్షి
అదృష్టం, మీ ఇద్దరిదీ ఒకే పక్షం. 2013లో డేనియల్ మరీ, బొకాచినీ అనే పరిశోధకుల బృందం వందమందికి పైగా ఫోరెన్సిక్ నిపుణులకు అవే ఫైళ్లు ఇచ్చి, కొందరికి "మీరు ప్రభుత్వం తరఫు", కొందరికి "మీరు ముద్దాయి తరఫు" అని నమ్మబలికారు. ప్రభుత్వం తరఫు అనుకున్నవాళ్లు పీసీఎల్-ఆర్ (సైకోపతీ లక్షణాలు కొలిచే సాధనం) మార్కులు ఎక్కువ వేశారు. ఫైలు ఒకటే! అందుకే ఇద్దరూ విడిగా వేసి, తర్వాత కూర్చుని తేడా వచ్చిన అంశాలు మాత్రం మాట్లాడుకుని, ఏకాభిప్రాయం రాసి, మొదటి మార్కులు కూడా ఫైల్లో ఉంచండి. చెరిపేస్తే రేపు బోనులో మీకే కష్టం.

నైట్‌డ్యూటీ_సిస్టర్
డాక్టర్లందరూ మార్కుల్లో ఉన్నారు. నాకు ఒకటే కావాలి. ఇతని నమ్మకం నీళ్ల గురించి కదా. వార్డులో నీళ్లు ఎలా తాగుతున్నాడు?

కొత్త_కేస్‌షీటు
అంటే?

నైట్‌డ్యూటీ_సిస్టర్
నర్సింగ్ నోట్స్ తిరగేయండి. వార్డు రౌండ్ నోట్స్ కాదు, షిఫ్ట్ నోట్స్. "భ్రమలు లేవు" అని డాక్టరు రాసిన రోజే మేం "కుళాయి నీళ్లు తాగలేదు" అని రాసి ఉంటాం. రోజూ కొలిచే చెక్‌లిస్టులు దీన్ని పట్టవు. బ్రోసెట్ అనే చెక్‌లిస్టులో ఆరు అంశాలు: అయోమయం, చిరాకు, గోలగా ప్రవర్తించడం, మాటలతో బెదిరింపు, ఒంటితో బెదిరింపు, వస్తువుల మీద దాడి. 0 అయితే తక్కువ, 1-2 మధ్యస్థం, అంతకు మించితే మనుషుల్ని పెంచుకోవాలి. డాసా అని అలాంటిదే ఇంకోటి, అందులో ఏడు. రెండూ రాబోయే 24 గంటలకే. నాలుగేళ్లు సున్నా వచ్చిందంటే నాలుగేళ్లు ప్రతి రోజూ మర్నాడు బాగానే ఉందని అర్థం, ఇంటికెళ్లాక ఆరో నెల గురించి కాదు. బెంగ ఉన్న మనిషి నెమ్మదిగా ఉంటే సున్నాయే వస్తుంది.

లెక్కలపిచ్చి
సిస్టర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నా, రాసి పెట్టుకోండి, మళ్లీ జరగదు. పంచాంగం చూసి గొడుగు తీసుకోరు, ఆకాశం చూసి ఇల్లు కట్టరు. గంటల సాధనం గంటలకే, ఏళ్ల సాధనం ఏళ్లకే. మధ్యలో వారాల నుంచి మూడు నెలల దాకా చూడాలంటే స్టార్ట్ అనే సాధనం ఉంది. 20 అంశాలు, ఒక్కోదానికి బలం, బలహీనత రెండూ వేయాలి.

కొత్త_కేస్‌షీటు
సిస్టర్ గారూ. రెండేళ్ల షిఫ్ట్ నోట్స్ చూశా. "సీలు ఉన్న బాటిలే అడిగాడు, ఇచ్చాం." "సీలు బాటిల్, శుభ్రత ఇష్టం." "మందు వేసుకోవడానికి తన బాటిలే తెచ్చుకున్నాడు." తొమ్మిది చోట్ల ఉంది. తొమ్మిది మంది రాశారు, ఎవరూ కలిపి చూడలేదు. నా రిపోర్టులో "చురుకైన లక్షణాలు: లేదు" అని ఉంది.

ఊరికే_చదువుతా
ఒళ్లు జలదరించింది.

తూకంరాయి
ఆగండి, నిజంగా శుభ్రతే కావచ్చు. వార్డు కుళాయి నీళ్లు ఎవరు మాత్రం ఇష్టంగా తాగుతారు. తేల్చుకోవాల్సింది అడిగి.
అడిగే పద్ధతి ముఖ్యం. "మీకింకా విషం అనుమానం ఉందా?" అంటే "లేదండీ" అంటాడు, విడుదల దగ్గరపడ్డ ప్రతి మనిషీ అనే మాట అది. ఇలా పోండి: ఇక్కడి నీళ్లు ఎలా ఉన్నాయి? బాటిల్ దొరక్కపోతే ఏం చేస్తారు? బాటిల్ మూత ముందే తీసి ఉంటే? అమ్మ గ్లాసులో పోసి ఇస్తే? తమ్ముడు ఇస్తే? ఒక్కో మెట్టు దిగుతూ ఎక్కడ ముఖం మారిందో చూడండి. నమ్మకం ఎంత గట్టిదో ఒక్కటే కాదు, దాన్నిబట్టి రోజూ ఏం పని మానుకుంటున్నాడో, ఏ జాగ్రత్త తీసుకుంటున్నాడో అదే అసలు కొలత.
తర్వాత హింస ఆలోచన. వస్తుందా, వారానికి ఎన్నిసార్లు, ఎవరి మీద, చేతిలో ఏం ఉన్నట్టు, చివరికి ఏమవుతుంది, వచ్చినప్పుడు ఏం చేస్తారు. నేరుగా అడిగితే ఆలోచన పుట్టిస్తామన్న భయం వద్దు.
జబ్బు గ్రహింపు కూడా మూడు ముక్కలు: నాకు జబ్బుంది, మందు కావాలి, ఆ రోజు జరిగిందానికి జబ్బుకి సంబంధం ఉంది. మొదటి రెండూ గడగడా చెప్పి మూడోది దగ్గర "వాడు రెచ్చగొట్టాడు" అనేవాళ్లున్నారు. మూడోదే మనకు కావాల్సింది.

గడపదాటాక
తల్లినీ, తమ్ముణ్ణీ విడివిడిగా అడగండి. ఒకరు చెప్పింది రోగికి గానీ రెండోవారికి గానీ చేరకుండా చూడాలి. తల్లి "నా బిడ్డ బంగారం" అంటుంది, అంటూనే రాత్రి గది లోపల గడియ పెట్టుకుంటుంది. కాబట్టి భయముందా అని అడక్కండి. "ఆ ఏడాది నిద్రపోయే ముందు ఏమేం చేసేవారు?" అని అడగండి. దాడికి ముందు చివరి మూడు వారాలు రోజువారీగా రాయించండి. ఏది మొదట మారింది? నిద్రా, మాటా, తిండా, నీళ్లా? ప్రతి మనిషికీ చెడిపోయే వరస ఒకటుంటుంది, చాలావరకు మళ్లీ అదే వరసలో చెడిపోతాడు.
ఇంకోటి, తాగుడు. పెద్ద అధ్యయనాలన్నిట్లో ఒకటే గొంతు: జబ్బుకి తాగుడో మత్తో తోడైతే రిస్క్ బాగా పెరుగుతుంది. అమెరికాలో మానసిక ఆసుపత్రుల నుంచి ఇంటికెళ్లినవాళ్లని చూసిన మాకార్థర్ అధ్యయనంలో, 1998, మత్తు వాడకం లేని రోగులు ఇరుగుపొరుగు మామూలు జనానికి పెద్ద తేడాగా లేరు. మీ కేసులో "మద్యం" అన్న గడికి ఉంది అని టిక్ పెట్టి పక్కకు పోకండి.

పాతసిరా
మద్యం పరీక్షకి ఒక మాట. ఊదించే యంత్రం గంటల తాగుడునే పడుతుంది. మూత్రంలో ఈటీజీ పరీక్ష ఒకటి నుంచి మూడు రోజుల వెనక్కి వెళ్తుంది. రక్తంలో పీఈటీహెచ్ రెండు నుంచి నాలుగు వారాలు. నెలకోసారి వచ్చే మనిషికి ఊదించే యంత్రం పెడితే, వచ్చే ముందురోజు మానేయడం నేర్చుకుంటాడు, అంతే.

బోనులో_సాక్షి
నెలనెలా వేసే ఇంజెక్షన్‌కి మార్చండి. మాత్ర మానేస్తే ఎప్పటికో తెలుస్తుంది, ఇంజెక్షన్ తప్పితే ఆ రోజే తెలుస్తుంది. కాకపోతే తప్పిన వెంటనే మనిషి పడిపోడు, మందు ఒంట్లోంచి మెల్లగా దిగుతుంది. "ఇంజెక్షన్ లేకపోయినా బాగానే ఉన్నాడు" అని ఇంట్లోవాళ్లు మురిసిపోయే వారాలే ప్రమాదం.

కొత్త_కేస్‌షీటు
క్లోజపిన్ మాత్రల మీద ఉన్నాడు, ఇంజెక్షన్‌కి మార్చడం కుదరదు. రెండు మందులు పని చేయక మార్చారు, దీనికే కుదురుకున్నాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సిగరెట్ తాగేవాడా, రాకముందు?

కొత్త_కేస్‌షీటు
రోజుకు పెట్టె పైనే. వార్డులో నిషేధం కాబట్టి నాలుగేళ్లుగా లేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అయితే అది కూడా రిపోర్టులో రాయండి సార్. సిగరెట్ పొగ క్లోజపిన్‌ని లివర్‌లో తొందరగా అరగదీసేస్తుంది. వార్డులో సరిపోయిన మోతాదు ఇంటికెళ్లి రెండు వారాలు పొగ తాగితే సరిపోదు. మాత్రలు ఒక్కటీ తప్పకుండా వేసుకుంటూనే మందు తగ్గిపోతుంది. తల్లి "రోజూ వేస్తున్నానండీ" అని ఒట్టేస్తుంది, నిజమే చెబుతుంది.

తూకంరాయి
సిస్టర్ గారికి నమస్కారం. రక్తంలో స్థాయి: విడుదలకు ముందు ఒకటి తీయించుకోండి, ఆఖరి మోతాదు వేసిన 12 గంటలకు. లీటరుకు 0.35 మిల్లీగ్రాములకు పైన ఉండేలా చూస్తారు సాధారణంగా. బయటికెళ్లాక మళ్లీ తీయించి పోల్చండి. 48 గంటలకు మించి మందు తప్పితే పాత మోతాదు ఒక్కసారి మొదలుపెట్టకూడదు, చిన్న మోతాదు నుంచి ఎక్కించుకుంటూ రావాలి. ఇది తల్లికి కాగితం మీద రాసి ఇవ్వాలి.

లెక్కలపిచ్చి
అంతా బాగుంది. మీరు చెబుతున్న ఏ ఒక్కటీ నా పట్టికలో లేదు, ఒప్పుకుంటా. కానీ అడుగుతున్నా: ఇన్ని వివరాలు పోగేశాక చివరికి రాసేదేంటి? "చూడాలి, జాగ్రత్త" అనేనా? బోర్డు పంపాలా వద్దా తేల్చాలి. కథలు ఎక్కువైతే భయం ఎక్కువవుతుంది. నీళ్ల బాటిల్ సంగతి తెలిశాక ఈ థ్రెడ్‌లో అందరి మనసులో రిస్క్ రెట్టింపైంది, అవునా కాదా? ఒక్క వివరం. మెరిసే వివరం బరువుగా తోస్తుంది. అందుకే ఇలాంటివాళ్లలో మామూలుగా ఎంతమంది మళ్లీ చేస్తారన్న పునాది అంకె ముందు పెట్టి, తర్వాత వివరాలతో అటూ ఇటూ జరపమంటాను.

తూకంరాయి
న్యాయమైన మాట. పునాది అంకె పెట్టండి, మీ ఆసుపత్రి నుంచి వెళ్లినవాళ్ల లెక్క ఉంటే అదే పెట్టండి, ఒంటారియోది కాదు. శాతంగా రాసినా, "ఇలాంటి వందమందిలో ఇంతమంది" అని రాసినా ఒకటే అనుకోకండి. స్లోవిక్, మొనహాన్ అనే పరిశోధకులు 2000లో చూపించారు: "20 శాతం" అన్నప్పటికంటే "వందలో 20 మంది" అంటే చదివే డాక్టర్లే ఎక్కువ భయపడ్డారు. వందలో 20 అనగానే కళ్ల ముందు ఆ ఇరవై మందీ నిలబడతారు. కాబట్టి రెండు రకాలుగానూ రాయండి, మిగతా 80 మంది సంగతి కూడా రాయండి.

తర్వాత అసలు పని. హెచ్‌సీఆర్ మూడో వర్షన్‌లో ఏడు మెట్లు: సమాచారం, అంశం ఉందా, ఈ మనిషి హింసకి ఆ అంశం ఎంత పట్టింది, ఎందుకు చేశాడన్న వివరణ, ముందు ఏమేం జరగొచ్చన్న ఊహలు, వాటికి ఏర్పాట్లు, చివరి అభిప్రాయం. జనం రెండో మెట్టులోనే ఆగిపోతారు, టిక్కులు పెట్టేసి. మీ మార్కుల గొడవ కూడా అక్కడిదే.
వివరణలో మూడు ప్రశ్నలు చాలు. చేయాలని ఎందుకనిపించింది: ప్రాణం కాపాడుకోవాలి. అడ్డు ఏది తీసేసింది: మద్యం. ఆలోచన ఏది చెదరగొట్టింది: మందు మానేయడం, నిద్రలేమి. "హింసాత్మక స్వభావం" లాంటి మాట ఇక్కడ రాస్తే తప్పు దారి పట్టినట్టే. అతనికి కోపం కంటే భయం ఎక్కువ.

ఊహలు కనీసం నాలుగు:
ఒకటి, అదే మళ్లీ. తమ్ముడు వచ్చి ఒక రాత్రి ఉండిపోయాడు, ఇతను వారంగా తాగుతున్నాడు.
రెండు, మలుపు. ఇప్పుడు నీళ్లు పోసేది తల్లి. అనుమానం తల్లి మీదికి తిరగొచ్చు. నాకు తమ్ముడికంటే దీని గురించే బెంగ. ఇలాంటి రోగులు చేయి చేసుకునేది చాలావరకు ఇంట్లోవాళ్ల మీదే, వీధిలో అపరిచితుల మీద కాదు.
మూడు, ముదిరితే. ఇంట్లో ఇంకెవరైనా అడ్డొస్తే దెబ్బ ఎవరికి, ఎంత.
నాలుగు, బాగుపడితే. దీన్ని అందరూ ఎగ్గొడతారు. మందు, పని, తాగుడు లేకపోవడం కుదిరితే ఆరు నెలల్లో ఏయే ఆంక్షలు తీసేయొచ్చు?

ఊరికే_చదువుతా
నాలుగోది నిజంగా ఎవరూ రాయరు. ఒకసారి "ఎక్కువ" అని పడితే ఇరవై ఏళ్లు "ఎక్కువే".

పాతసిరా
ఎందుకంటే హెచ్‌సీఆర్‌లో మొదటి పది అంశాలు గతానివి. గతం తగ్గదు. 60 ఏళ్లొచ్చినా "చిన్నప్పటి హింస: ఉంది" అనే ఉంటుంది. అందుకే మూడో మెట్టు పెట్టారు: ఉంది, కానీ ఇప్పుడు పట్టడం లేదు అని రాసే చోటు. దాంతోపాటు హింస నుంచి కాపాడే అంశాలు చూడటానికి సాప్రోఫ్ అనే సాధనం ఉంది, నెదర్లాండ్స్‌లో తయారైంది, 17 అంశాలు. లోపాల జాబితా ఒక్కటే చదివితే ఎవరైనా రాక్షసుడిలాగే కనిపిస్తారు. నా జాబితా రాస్తే నన్ను కూడా వదలరు.

బోనులో_సాక్షి
రిపోర్ట్ భాష. "ప్రమాదకరం" అనే మాట పూర్తిగా తీసేయండి. వాక్యం ఇలా ఉండాలి: *ఈ ఏర్పాట్లుంటే, ఇంత కాలంలో, వీళ్లపై, ఈ రకం హింస జరిగే అవకాశం ఇంత, ఈ మార్పులు కనబడితే అది పెరుగుతుంది, కనబడితే చేయాల్సింది ఇది, ఈ అంచనా ఫలానా తేదీ దాకానే చెల్లుతుంది.* చివరి ముక్క మర్చిపోవద్దు. గడువు తేదీ లేని రిస్క్ రిపోర్టు ఫైల్లో పడి పదేళ్లు మనిషి వెంట తిరుగుతుంది.
చివరి అభిప్రాయం కూడా ఒక్కటి కాదు, మూడు విడివిడిగా: ఎంత శ్రద్ధ అవసరం, జరిగితే తీవ్రమైన దెబ్బ తగిలే అవకాశం, ఎంత త్వరలో. మీ మనిషికి మొదటిది మధ్యస్థం, రెండోది ఎక్కువ, మూడోది తక్కువ కావచ్చు. ఈ మూడూ కలిపి "మధ్యస్థం" అంటే మూడూ పోయినట్టే.

గడపదాటాక
ఏర్పాట్లు నాలుగు ముక్కలుగా రాయండి: చికిత్స, నిఘా, ఆంక్షలు, బాధితుల రక్షణ. ఒక్కోదాని పక్కన పేరు, రోజు. "కుటుంబం పర్యవేక్షిస్తుంది" అంటే ఎవరూ చేయరని. తమ్ముడికి విడుదల తేదీ ముందే తెలియాలి. మొదటి మూడు నెలలు తమ్ముడు ఆ ఇంట్లో రాత్రి ఉండకూడదు. తల్లి ఫోన్ చేయడానికి ఒక్క నంబరు, రాత్రి ఎత్తే మనిషి. నేరుగా ఇంటికి కాకుండా ముందు పగటిపూట, తర్వాత ఒక రాత్రి, తర్వాత రెండు రాత్రులు పంపి చూడండి. ఇంటికెళ్లి వచ్చిన ప్రతిసారీ మూత్రం పరీక్ష, తల్లితో ఫోన్.

కొత్త_కేస్‌షీటు
ఈరోజు కూర్చుని మాట్లాడాను. శుభ్రత అన్నాడు మొదట. మూత ముందే తీసిన బాటిల్ దగ్గర ఆగాడు. అమ్మ పోస్తే తాగుతానన్నాడు, కొంచెం ఆలోచించి. తమ్ముడు పోస్తే అన్నప్పుడు నవ్వి "ఎందుకండీ వాడితో పోయించుకోవడం" అన్నాడు. చురుకైన లక్షణాల దగ్గర "లేదు" తీసి "కొంత ఉంది" అని మార్చాను. డాక్టరమ్మా నేనూ మళ్లీ కూర్చుని రెండు వరసలుగా వేశాం, లోపల, బయట. శాతం పెట్టడం లేదు. విడుదల వాయిదా వేయమని కాకుండా, విడతలుగా పంపమని, ప్రతి విడతకీ షరతులు రాస్తున్నాం. క్లోజపిన్ స్థాయికి రక్తం పంపాం.
పగటి సెలవుల్లో ఏం గమనించమని తల్లికి చెప్పాలి? ఒక్క కాగితంలో పట్టాలి, ఆవిడకు పెద్దగా చదువు లేదు.

లెక్కలపిచ్చి
మూడు అంశాలకు మించకండి. నిద్ర, సిగరెట్లు/మద్యం, నీళ్లు. బొమ్మలు గీసి టిక్ పెట్టే గళ్లు చేయండి. ఎక్కువైతే ఆవిడ అన్నిటికీ ఒకేసారి ఆదివారం రాత్రి టిక్ పెడుతుంది.

గడపదాటాక
ఏది కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయాలో, ఏది కనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొచ్చో రెండు రంగుల్లో. ఫోన్ చేస్తే కొడుకుని మళ్లీ లోపలేస్తారన్న భయం ఆవిడకుంటుంది, అది ముందే మాట్లాడండి. లేకపోతే కాగితం గోడకే ఉంటుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నీళ్ల గడిలో "తాగాడా లేదా" అని పెట్టకండి, ఎప్పుడూ తాగాడనే వస్తుంది. బాటిల్ మూత ఎవరు తీశారు, గ్లాసులో ఎవరు పోశారు, ఆ రెండూ పెట్టండి. మొదటి విడతలో అమ్మ పోసింది తాగి, మూడో విడతకల్లా తన బాటిల్ తనే తెచ్చుకుంటుంటే, నిద్ర గడి బాగున్నా సరే, ఆ రోజే నాకు ఫోన్ రావాలి.